అలీ (నటుడు)

అలీ (జననం: 1968 అక్టోబరు 10) తెలుగు చలనచిత్ర హాస్యనటుడు. రాజమండ్రిలో జన్మించాడు. బాలనటుడిగా చిత్రరంగ ప్రవేశం చేసి, 1981లో విడుదలైన సీతాకోకచిలుక చిత్రంతో ప్రేక్షకులకు పరిచితుడయ్యాడు. బాలనటుడిగా లభించిన పేరును పెద్దయిన తరువాత కూడా నిలుపుకొన్న కొద్దిమందిలో ఇతడు ఒకడు.

బాల్యం

అలీ తండ్రి దర్జీ. వీరిది సినిమా నేపథ్యం లేని కుటుంబం. ఆ రోజులలో తెలుగు చిత్రాల నిర్మాణం ప్రధానంగా మద్రాసులో జరిగేది. అయినప్పటికీ గోదావరి అందాలను చిత్రీకరించడానికి దర్శక నిర్మాతలు రాజమండ్రి పరిసరాలకు తరచుగా వచ్చేవారు. మూగమనసులు (1964), అందాల రాముడు (1973) ఇందుకు ఉదాహరణలు. పట్టణంలో జిత్‌మోహన్ మిత్రా నిర్వహించిన సంగీత బృందంలో చేరిన అలీ, అలా వచ్చిన సినిమావారి దృష్టిలో పడ్డాడు. 1970ల చివరలో బాలనటుడిగా చిన్న పాత్రలు లభించాయి.

సీతాకోకచిలుక

ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ఈ చిత్రానికి భారతీరాజా దర్శకుడు, ఇళయరాజా సంగీత దర్శకుడు. కార్తీక్, అరుణ నాయికానాయకులు. బ్రాహ్మణ యువకుడు, క్రైస్తవ యువతి మధ్య ప్రేమ ఇందులోని కథాంశం. నాయకుని మిత్రబృందంలో ఒకడిగా అలీ నటించాడు. ఉత్తమ తెలుగు చిత్రంగా దీనికి జాతీయ పురస్కారం, అలీకి ఉత్తమ బాలనటుడిగా నంది పురస్కారం లభించాయి.

యుక్తవయసులోని చిక్కు

బాలనటులకు అసలు పరీక్ష యుక్తవయసులో ఎదురవుతుంది. గొంతు మారుతుంది, ఎత్తు పెరుగుతుంది. బాలుని పాత్రకు వయసు మించిపోతుంది, నాయక పాత్రకు వయసు చాలదు. ఐదారేళ్ళ వయసులోనే పేరు పొందిన కమల్ హాసన్ సైతం ఈ దశలో నృత్య దర్శకుని వద్ద సహాయకుడిగా పనిచేశాడు. సీతాకోకచిలుక తరువాత కథానాయకుడిగా పెద్ద విజయం పొందడానికి అలీకి 13 ఏళ్ళు పట్టింది.

యమలీల, తరువాత

ఎస్.వి.కృష్ణారెడ్డి దర్శకత్వం వహించిన యమలీల (1994) ఘనవిజయం సాధించింది. యమలోకం నుండి జారిపడిన భవిష్యవాణి గ్రంథంలో తల్లి మరణం గురించి చదివిన కొడుకు పాత్ర అలీది. తల్లిగా మంజుభార్గవి, యమునిగా కైకాల సత్యనారాయణ, చిత్రగుప్తునిగా బ్రహ్మానందం నటించారు. హాస్యంతో పాటు కరుణరసాన్ని కూడా పండించగలడని ఈ పాత్ర నిరూపించింది.

తరువాత కొన్ని చిత్రాలలో నాయకుడిగా నటించినా, అలీ హాస్యపాత్రలను విడిచిపెట్టలేదు. తొలిప్రేమ (1998), ఖుషి (2001), ఇడియట్ (2002), పోకిరి (2006) ఇతడు నటించిన ప్రసిద్ధ చిత్రాలలో కొన్ని. ఈటీవీలో ప్రసారమైన అలీతో సరదాగా కార్యక్రమానికి వ్యాఖ్యాతగా వ్యవహరించాడు.