‘నువ్వొస్తే నాకూ మంచిదే!’

మందు మాన్పించడానికి మన దగ్గర సలహాలకి కొదవ లేదు. దేవుడి మీద ఒట్టు వేయిస్తారు. పెళ్లి చేస్తే అదే దారికొస్తాడంటారు. అయ్యప్ప మాల వేయిస్తారు. ఆ 41 రోజులూ చుక్క ముట్టనివాళ్లు మన వీధిలోనే బోలెడుమంది కనిపిస్తారు. చిక్కంతా మాల తీసిన మర్నాడే మొదలవుతుంది.

డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చిన మర్నాడు కూడా అచ్చం ఇంతే. ఒంట్లోంచి మందు దిగిపోవడానికి కొద్ది రోజులు చాలు. అది లేకుండా సాయంత్రాలు ఎలా గడపాలో నేర్చుకోవడానికి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు పక్కన ఎవరుండాలి? డాక్టరుగారు నెలకోసారి చూస్తారు. ఇంట్లోవాళ్లు రోజూ చూస్తారు కానీ ఆ చూపులో సగం అనుమానమే ఉంటుంది. అందుకే మూడో మనిషి కావాలి. అదే గోతిలో పడి, పైకి ఎక్కొచ్చిన మనిషి. దీన్నే పీర్ సపోర్ట్ అంటున్నారు. మన మాటల్లో చెప్పాలంటే తోటివాడి తోడు. అదెలా పనిచేస్తుందో నేను మా బాబాయి పక్కన కూర్చుని చూశాను.

ఇంట్లో అప్పులవాడు

మా బాబాయి ఎలక్ట్రీషియన్. పనిలో దిట్ట. తాగుడు ముదిరాక పనికి పిలిచేవాళ్లు తగ్గారు, చివరికి సెంటర్‌లో చేర్చాల్సొచ్చింది. నెల తర్వాత ఇంటికొస్తే నాయనమ్మ గుమ్మంలో దిష్టి తీసింది. అందరం సంతోషించాం. వారం తిరిగేసరికి ఇంటి వాతావరణం మారిపోయింది. పిన్ని ఆయన చొక్కా జేబులు, బండి డిక్కీ వెతికేది. నాన్న ఏ మాట ఎత్తినా అది ఆస్పత్రి బిల్లు దగ్గరే ఆగేది. పిల్లలు ఆయన దగ్గరికి వెళ్లేముందు అమ్మ మొహం చూసేవాళ్లు.

వాళ్లని తప్పుపట్టలేం. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఇల్లది. కానీ ఆ ఇంట్లో బాబాయి పరిస్థితి అప్పులవాడిలా ఉండేది. అన్న డబ్బు కట్టాడు, భార్య ఓర్చుకుంది, తల్లి ఏడ్చింది. అందరికీ బాకీనే. అలాంటి మనిషి ‘ఇవాళ తాగాలనిపిస్తోంది’ అని ఎవరితో అనగలడు? పిన్నితో అంటే ఏడుస్తుంది. నాన్నతో అంటే మళ్లీ సెంటర్‌కి ఫోన్ చేస్తారు. కాబట్టి నోరు మూసుకునేవాడు. బయటికి చెప్పుకోలేని ఆ కోరిక లోపల ఇంకా పెరుగుతుంది.

సెంటర్‌లోని కౌన్సెలర్ ఓ నంబర్ ఇచ్చి పంపారు. ఆయనది టిఫిన్ సెంటర్. మానేసి తొమ్మిదేళ్లయిందట. ఓ సాయంత్రం ఇంటికొచ్చాడు. ‘తాగావా?’ అని అడగలేదు. ‘ఇవాళ ఎన్నిసార్లు అనిపించింది తమ్ముడూ?’ అన్నాడు. బాబాయి కాసేపు నేలచూపులు చూసి, ‘మూడుసార్లు’ అన్నాడు. ‘పర్లేదే! నాకు కొత్తలో రోజుకి ముప్పైసార్లు’ అని నవ్వాడాయన. డిశ్చార్జ్ అయ్యాక మా బాబాయి నవ్వడం అదే మొదటిసారి.

వెళ్లేటప్పుడు బాబాయి మొహమాటపడ్డాడు. ‘కొట్టు వదులుకుని నా కోసం ఎందుకన్నా ఇంత శ్రమ?’ అన్నాడు. ఆయన చెప్పులేసుకుంటూ, ‘నీ కోసమని ఎవరన్నారు? నువ్వొస్తే నాకూ మంచిదే. నీతో మాట్లాడిన రోజు నేను గట్టిగా ఉంటాను’ అన్నాడు.

మర్యాదకి అలా అన్నాడేమో అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, మొత్తం పద్ధతికి పునాదే ఆ మాట అని.

హోటల్ లాబీలో ఒక ఫోన్

1935 మే నెల. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణం. న్యూయార్క్ నుంచి వ్యాపార పని మీద వచ్చిన బిల్ విల్సన్ అనే ఆయన పని చెడి, జేబులో పెద్దగా డబ్బుల్లేక హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. మందు మానేసి అప్పటికి ఐదు నెలలే. ఓ పక్క బార్, లోపల్నుంచి నవ్వులు. ఇంకో పక్క టెలిఫోన్.

అంతకుముందు న్యూయార్క్‌లో ఆయన ఎంతోమంది తాగుబోతుల్ని మార్చాలని తిరిగాడు. ఒక్కరూ మానలేదు. కానీ అలా తిరిగినన్నాళ్లూ తను మాత్రం తాగలేదు! ఆ సంగతి గుర్తొచ్చి, ఊళ్లోని చర్చిలకి వరసగా ఫోన్లు చేశాడు. ‘మాట్లాడటానికి నాకు ఇంకో తాగే మనిషి కావాలి’ అన్నది ఆయన వేడుకోలు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. సర్జన్. తాగుడుతో ప్రాక్టీసు పోగొట్టుకుంటున్నాడు. పదిహేను నిమిషాల కంటే కూర్చోనని ముందే చెప్పి వచ్చిన ఆ డాక్టరు గంటలకొద్దీ కదల్లేదు. ఎందుకంటే ఎదుటివాడు నీతులు చెప్పలేదు, తన కథ చెప్పుకున్నాడు. అదే ఏడాది జూన్ 10న డాక్టర్ బాబ్ ఆఖరిసారి తాగాడు. ఆ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, పుట్టినరోజుగా లెక్కిస్తారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫోన్ చేసినవాడు దానం చేయడానికి చేయలేదు. తన ప్రాణం కాపాడుకోవడానికి చేశాడు. కాబట్టి సాయం అందుకున్నవాడు రుణపడిపోలేదు. ఇంట్లో ఎంత ప్రేమ ఉన్నా దొరకనిది ఇదే: బాకీ లేని సాయం.

ఫ్రాంక్ రీస్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1965లో దీనికి ఓ పేరు పెట్టాడు, ‘హెల్పర్ థెరపీ ప్రిన్సిపుల్’ అని. సాయం పొందేవాడికి ఎంత మేలు జరుగుతుందో ఏమోగానీ, సాయం చేసేవాడికి మాత్రం తప్పకుండా జరుగుతుందన్నది దాని సారాంశం. పాఠం చెప్పేవాడికే పాఠం ఎక్కువ గుర్తుంటుంది కదా, అలాగన్నమాట.

కుర్చీలు, టీ, మొదటి పేరు

బాబాయితో పాటు నేనూ ఓ ఓపెన్ మీటింగ్‌కి వెళ్లాను. ఏఏలో క్లోజ్డ్ మీటింగ్‌లు మానాలనుకునేవాళ్లకే. ఓపెన్ మీటింగ్‌లకి ఇంట్లోవాళ్లు, నాలాంటివాళ్లు కూడా వెళ్లొచ్చు. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలన్నది నియమం. కాబట్టి ఎవరి కథా చెప్పను, పద్ధతి మాత్రం చెబుతాను.

ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. ఫీజు లేదు, ఫారం లేదు. ఆధార్ కాదు కదా, ఇంటిపేరు కూడా అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడే. చివర్లో ఓ సంచి తిరుగుతుంది. ఉన్నవాళ్లు తోచింది వేస్తారు, లేనివాళ్లు పక్కకి అందిస్తారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డురారు. ‘నువ్విలా చేసుండాల్సింది’ అనే మాట వినపడదు. అందరూ ‘నాకిలా జరిగింది’ అనే చెబుతారు. మన చుట్టాల మధ్య పెరిగిన నాకు, సలహా ఇవ్వకుండా గంటన్నర గడిపే జనాన్ని చూడటం నిజంగా వింతే!

జీవితాంతం మానేస్తానని ఎవరూ ప్రతిజ్ఞ చేయలేదు. ‘ఈ 24 గంటలు’ అంటారంతే. మళ్లీ తాగి తిరిగొచ్చిన ఒకాయన తలదించుకుని కూర్చుంటే, ముందు ఆయనకే టీ అందింది.

కొత్తగా వచ్చినవాళ్లకి అనుభవజ్ఞులైన ఒకరు ‘స్పాన్సర్’గా తోడుంటారు. డబ్బిచ్చే స్పాన్సర్ కాదండోయ్. అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తే మనిషి. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు ఉండాలన్నది ఆనవాయితీ. దేవుడి ప్రస్తావన ఉంటుంది గానీ, ఎవరు అర్థం చేసుకున్నట్టు వాళ్లు అనుకోవచ్చు. అది అస్సలు పడనివాళ్ల కోసం స్మార్ట్ రికవరీ లాంటి, దేవుడి ఊసులేని పద్ధతులూ వచ్చాయి. గంజాయి, మాత్రలు, ఇంజెక్షన్లు లాంటి డ్రగ్స్ వాడినవాళ్లకి 1953లో మొదలైన నార్కోటిక్స్ అనానిమస్ ఉంది.

మా పిన్నికి ఎక్కువ ఉపయోగపడింది మాత్రం అల్-అనాన్. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం బిల్ విల్సన్ భార్య లోయిస్ తదితరులు 1951లో మొదలుపెట్టిన బృందమిది. జేబులు వెతకడం తన పని కాదని ఆవిడకి అక్కడే ఎవరో అక్క చెప్పిందట. అదే మాట మేమంటే కస్సుమనేది.

ఇంతకీ ఫలితం ఉంటుందా?

వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2020లో ఓ సమీక్ష ప్రచురించింది. 27 అధ్యయనాలు, 10,565 మంది. మద్యం పూర్తిగా మానేసి అలాగే నిలబడే విషయంలో, ఏఏకి జతచేసే పన్నెండు మెట్ల చికిత్సా పద్ధతి పక్కాగా అమలు చేసినచోట ఇతర కౌన్సెలింగ్‌ల కంటే మెరుగ్గా పనిచేసిందని తేలింది. ఇది మద్యం లెక్క మాత్రమే, అన్ని మత్తులకీ వర్తించదు.

అయితే తోటివాడు డాక్టరు కాడు. ఈ ముక్క చాలా ముఖ్యం. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడంతో ఆగకపోవచ్చు. ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు రోజుల్లో మతిభ్రమించి ప్రాణం మీదికి రావొచ్చు. కాబట్టి మొదటి అడుగు ఆస్పత్రిలోనే పడాలి. హెరాయిన్ లాంటివి మానినవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. కొన్నాళ్లు ఆపాక ఒంటికి తట్టుకునే శక్తి తగ్గుతుంది. మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డాక్టరు రాసిన మాత్రలు ఆపెయ్యమని ఏ తోటివాడైనా చెబితే వినొద్దు. డాక్టరు పని సభ్యులు చేయకూడదని ఏఏ కూడా చెబుతుంది. డబ్బు అడిగినా, మీ సంగతి బయట చెప్పినా ఆ మనిషిని మార్చేయండి.

సెంటర్ ఎంచుకునేటప్పుడూ కళ్లు తెరుచుకోవాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మద్యం, డ్రగ్స్ దుర్వినియోగంతో వచ్చే సమస్యలూ మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. గొలుసులతో కట్టేయడం నిషిద్ధం. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి.

‘పోలీసులకి తెలిస్తే?’ అనే భయంతో ఆగిపోయే కుర్రాళ్లు ఎక్కువ. వాడినందుకో, చిన్న మొత్తం దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్సకి ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది, 64ఏ. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకి ఇది వర్తించదు.

దుకాణం మూస్తే సరిపోతుందా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రాన్ని ఊపేసింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997కల్లా ఆ నిషేధం సడలిపోయింది. దుకాణం మూయించడం ఒక పోరాటం. అలవాటుపడ్డ మనిషిని నిలబెట్టడం ఇంకో పోరాటం. రెండోదానికి ఊరేగింపులు, జెండాలు ఉండవు. ఇద్దరు మనుషులు, రెండు టీలు, అంతే.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో దాదాపు 16 కోట్లమంది మద్యం తాగుతున్నారని, అందులో 5.7 కోట్లమందికి పైగా దానివల్ల సాయం అవసరమైన స్థితిలో ఉన్నారని అంచనా వేసింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందుకున్నది ఒక్కరే. మిగతా 37 మందికి దారి తెలియదో, సిగ్గో, భయమో.

మీరు స్పాన్సర్ కానక్కర్లేదు. మానేశానని చెప్పిన ఫ్రెండ్‌ని పార్టీలో ‘ఒక్కటేరా, ఏం కాదు’ అనకుండా ఉంటే అదే పెద్ద సాయం. వాడి చేతిలో సోడా గ్లాసుంటే ఎందుకని అందరి ముందూ అడక్కండి. జారిపడితే ‘నాకు ముందే తెలుసు’ అనకండి. మత్తు పదార్థాల విషయంలో సాయానికి జాతీయ టోల్‌ఫ్రీ నంబర్ 14446 ఉంది. దిగులు, ఆందోళన లాంటివి వేధిస్తుంటే టెలీ మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ 37 మందిలో ఒకరు మీ ఫోన్ కాంటాక్టుల్లోనే ఉండొచ్చు. ఈ రెండు నంబర్లూ వాట్సాప్‌లో పంపండి. కింద లెక్చర్ రాయకండి. ‘రమ్మంటే నేనూ వస్తా’ అని ఒక్క లైను రాయండి, చాలు.