సియాఖ్ లెక్కలు - కంప్యూటర్ తెర

మొగలుల కాలం నాటి ఇనాం సనదో, జాగీరు లెక్కో చేతికి వస్తే, పార్సీ చదవగలవారు సైతం ఒకచోట ఆగిపోవడం కద్దు. మాటలు తెలుస్తాయి, మొత్తం ఎంతో తెలియదు. ఆ మొత్తాన్ని సియాఖ్‌లో రాసి ఉండడమే దీనికి కారణం. మన దేశంలో దీనిని రఖమ్ అని కూడా అన్నారు.

సియాఖ్ గుర్తులు పుట్టుకతో అంకెలు కావు, మాటలు. అషర (పది), మిఅత్ (వంద), అల్ఫ్ (వెయ్యి) వంటి అరబీ సంఖ్యావాచకాలను దఫ్తర్ గుమాస్తాలు వేగంగా రాయగా రాయగా చుక్కలు రాలిపోయి, అక్షరాలు ముడుచుకుపోయి, ఒక్కొక్క మాట ఒక్కొక్క గుర్తుగా మిగిలింది. ఇందులో సున్నకు పని లేదు. వందకు ఒక గుర్తు, రెండు వందలకు మరొకటి. కనుక చివర ఒక సున్న తగిలించి పదిని వంద చేయడం ఎవరి తరమూ కాదు! రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది, పెద్ద సంఖ్య ముందు వస్తుంది. అయితే ఇరవై మూడు వంటివాటిలో అరబీ పలుకుబడి ననుసరించి మూడు ముందు, ఇరవై తరువాత. లక్షకూ కోటికీ గుర్తులను ఈ దేశంవారు చేర్చుకున్నారు.

షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కన్ దఫ్తర్ కాగితాలు నేటికీ హైదరాబాదులోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. నిజాం రాజ్యంలోనూ 1880 దశకం వరకు దఫ్తర్ల భాష పార్సీయే. ఇన్ని కాగితాలుండగా రఖమ్ చదివేవారు మాత్రం బహు కొద్దిమంది.

అన్షుమన్ పాండే అనే పరిశోధకుడు చేసిన ప్రతిపాదనల ఫలితంగా 2018లో భారతీయ సియాఖ్ గుర్తులు 68 యూనికోడ్‌లో చేరాయి. వాటిలో రూపాయి గుర్తు కూడా కలదు. మరుసటి ఏడు ఉస్మానీ తుర్కుల సియాఖ్‌కూ చోటు దొరికింది. అయితే యూనికోడ్ ఇచ్చేది ప్రతి గుర్తుకూ ఒక స్థిరమైన సంఖ్య మాత్రమే. రూపాన్ని చూపవలసింది ఫాంటు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఖాళీ పెట్టెలు కనబడతాయి. అంతమాత్రాన లెక్క పోయినట్లు కాదు. నోటో ఫాంట్లలో ఉచితంగా దొరికే సియాఖ్ ఫాంటును చేర్చుకుంటే ఆ పెట్టెలే గుర్తులవుతాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో సియాఖ్ రూపాలను దూర్చిన సొంత ఫాంటుతో రాస్తే ఆ భద్రత ఉండదు. మరొక యంత్రంలో అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుసై కూర్చుంటుంది. పాత తెలుగు ఫాంట్లతో అచ్చుపని చేసినవారికి ఈ బాధ కొత్త కాదు.

సనదును అచ్చువేసే సంపాదకుడు గుర్తును వదిలి 350 అని మాత్రమే వేస్తే, అతడు పొరబడ్డాడో లేదో పాఠకుడు తేల్చుకోలేడు. వక్ఫ్ భూమి విస్తీర్ణమో, మస్జిదుకు రావలసిన సాలీనా మొత్తమో వివాదంలో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. మూలంలోని సియాఖ్ గుర్తునూ, దాని పక్కన నేటి అంకెనూ, వీలైతే కాగితపు ఛాయాచిత్రాన్నీ కలిపి ఇవ్వడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు.