మాటలు రాని సాక్షి

గోదావరి సీమలో పసిబిడ్డకు నీళ్లు పోయుట యొక వేడుక. పీటపై కూర్చుండి కాళ్లు చాచిన అమ్మమ్మ, మనుమరాలిని ఆ కాళ్లపై బోర్లించి, నూనె రాచి, సున్నిపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేయునంతలో, ఆ చిన్ని మేనిలోని ప్రతి మడతయు, ప్రతి మచ్చయు ఆమె కంటబడెడిది. నేడు తణుకులో దంపతులిద్దరును ఉదయమే బడికో, బ్యాంకునకో వెళ్లిపోవుచుండ, అమ్మమ్మ వేల్పూరులోనో అత్తిలిలోనో ఉండిపోగా, ఆ నీళ్లపోత ఆయా చేతికి వచ్చినది. బిడ్డతోపాటు బిడ్డను పరికించు పనిని కూడ మనము పరులకు అప్పగించితిమి.

ఆయాలలో అనేకులు తమ కన్నబిడ్డలను ఇంట విడిచివచ్చి, మన బిడ్డలను ప్రేమతో సాకువారే. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రములలో జరిపి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనమున, కుటుంబములో దెబ్బలు తిన్న పిల్లలలో 88.6 శాతము మందిని కొట్టినవారు తల్లిదండ్రులే యని తేలినది. కావున పరుల చేతిని శంకించుటకు ముందు మన చేతిని మనము చూచుకొనవలెను. అట్లని కన్ను మూసికొనరాదు. 2016లో నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో ఒక శిశుసంరక్షణశాలలో పది నెలల పాపను ఆయా కొట్టిన దృశ్యమును కెమెరా పట్టియిచ్చినది. కాని అంతకుముందే పాప ఒంటిమీది గాయమును కన్నవారి కన్ను పట్టినది.

ఏమి చూడవలెను? నడక నేర్చు పిల్లవానికి మోకాలిపై, నుదుటిపై దెబ్బలు సహజము. చెవిపై, మెడపై, పొట్టపై, వీపుపై కమిలిన మచ్చలు అట్టివి కావు. నాలుగు నెలలైన నిండని బిడ్డకు ఒంటిమీద ఎచ్చట కమిలినను వెంటనే వైద్యునికి చూపవలసినదే. పాకుటయే నేర్వని బిడ్డకు తనంతట దెబ్బ తగులుట బహు అరుదు. పుట్టుకతో పిరుదులపై, నడుముపై నీలముగా కనబడు మచ్చలు మాత్రము మన పిల్లలలో సాధారణము. వానిని చూచి నిరపరాధిని నిందింపరాదు. బిడ్డను రెండుచేతులతో పట్టి గట్టిగా కుదిపినచో, పైకి గాయమే లేకుండ మెదడులో రక్తస్రావము కలుగవచ్చును. కారణము తెలియని వాంతులు, మగత, మూర్ఛ కనబడిన క్షణమాలస్యము చేయరాదు. పూర్వము ఏడ్పు మాన్పుటకు నల్లమందు పెట్టెడివారు. నేడు ఆ పని దగ్గుమందు చేయుచున్నది. కావున వేళగాని వేళ మొద్దునిద్రయు అనుమానింపదగినదే.

మాటలు వచ్చిన పిల్లలను మూగలను చేయునది భయము. "అమ్మతో చెప్పావో, బూచాడికి పట్టిస్తా" నను మాట చాలును. ఏడ్చు బిడ్డను, తినని బిడ్డను రాక్షసుల పేరు, పూతన పేరు చెప్పి భయపెట్టరాదని చరకసంహిత ఏనాడో విధించినది. ఆయా చేయి చాచినంతనే బిడ్డ బిగుసుకొని తల్లి కొంగు విడువకున్నచో, అదియు ఒక వాఙ్మూలమే.

నివారణము నియామకముతోనే ఆరంభము కావలెను. మునుపు పనిచేసిన ఇండ్లవారిని విచారించుడు. కొన్నిదినములు పక్కనుండి చూడుడు. అప్పుడప్పుడు చెప్పకుండ ఇంటికి రండు. కెమెరా పెట్టినచో ఆమెకు తెలిపియే పెట్టుడు. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. పసివాని ఎడతెగని ఏడ్పు ఎంతటి ఓర్పునైనను హరించును. రెండవ నెలలో ఆ ఏడ్పు మిక్కుటము. ఓర్పు తప్పుచున్నదని తోచినచో, బిడ్డను వెల్లకిల పడుకోబెట్టి, నాలుగడుగులు ఇవతలికి వచ్చి, మనకు ఫోను చేయుమని ఆమెకు ముందే చెప్పవలెను. వేళకు అన్నము, తగిన జీతము, విశ్రాంతి ఇచ్చి, "అమ్మా, ఈవేళ నా వల్ల కాదండి" అని ఆమె జంకులేక చెప్పగల ఇల్లే బిడ్డకు క్షేమకరము.

తన సంరక్షణలోనున్న బిడ్డను హింసించినవారికి, బుద్ధిపూర్వకముగా ఉపేక్షించినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టములోని 75వ విభాగము మూడేండ్ల వరకు జైలుశిక్ష విధింపవచ్చునని చెప్పుచున్నది. సందేహము గట్టిదైనచో బాలల సహాయవాణి 1098కి ఫోను చేయుడు. కాని చట్టము గాయము తరువాత వచ్చును, తల్లి చూపు ముందు వచ్చును. ఉద్యోగమునుండి ఎంత అలసివచ్చినను, సాయంకాలపు నీళ్లు మాత్రము మీ చేతులతో మీరే పోయుడు.