నల్లచెరువు నుంచి నేలపట్టు దాకా: పక్షుల ఫొటోగ్రఫీ

స్వేచ్ఛగా తిరిగే పక్షిని అది బతికే చోటనే, దాని పనికి అడ్డం పడకుండా చిత్రించడమే పక్షుల ఫొటోగ్రఫీ. దానికోసం దూరపు అడవులకే పోనక్కర్లేదు. హైదరాబాద్ తూర్పు దిక్కున ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్ద చెరువు, రామంతాపూర్ చెరువులు, నాగోలు వంతెన కింద మూసీ ఉన్నాయి. ఈ సరదా నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి దొరకదు. ఉప్పల్, నాగోలు రెండింటికీ మెట్రో స్టేషన్లు ఉన్నాయి కాబట్టి సొంత వాహనం లేకపోయినా ఫరవాలేదు.

దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకునే చోటే పక్షులు గుమిగూడటం ఇక్కడి విచిత్రం. మూసీలో చేరే మురుగులో పురుగులు విపరీతంగా పెరుగుతాయి. గులాబిరంగు పొడవాటి కాళ్ళతో, నల్ల రెక్కలతో ఉండే స్టిల్ట్ పిట్టలు లోతులేని నీళ్ళలో గుంపులుగా నిలబడి వాటిని ఏరుకుంటాయి. మూసినా ముక్కు మధ్య సందు కనిపించే ఓపెన్‌బిల్ కొంగలు నత్తల కోసం బురద కెలుకుతాయి. అంతమాత్రాన మురుగు పక్షులకు మేలు చేస్తుందనుకోకూడదు. బురదలో ఏరుకుని తినే కొన్ని జాతులకే అది అక్కరకొస్తుంది. నీళ్ళలోకి దూకి చేపను పట్టే లకుముకి పిట్టకు పైనుంచి నీటిలోపల చూపు ఆనాలి.

చెరువును గుర్రపుడెక్క కమ్మేస్తే ఆకుల మీద పొడవైన వేళ్ళతో నడిచే జకానా, నీలి బొల్లికోడి కనిపిస్తాయి. ఆ మొక్కను తీసేసి నీరు తేటపడితే బాతులు, నీటికాకులు దిగుతాయి. అందుకే ఒకే చెరువును ఏడాది పొడవునా చూసినవాళ్ళకు వచ్చే ఫొటోలు వారానికో కొత్త ఊరు తిరిగేవాళ్ళకు సాధారణంగా రావు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఉత్తరాది నుంచి, మధ్య ఆసియా నుంచి వలస బాతులు, ఉల్లంకి పిట్టలు వస్తాయి. వానాకాలంలో స్థానిక పక్షులు పెళ్ళికళ తెచ్చుకుంటాయి. మట్టిరంగులో కలిసిపోయే గుడ్డికొంగ వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. మగ గిజిగాడి తల పసుపెక్కుతుంది. జకానాల్లో ఒక జాతికి పొడవైన తోక వస్తుంది. గుడ్లు పొదిగేది మాత్రం ఆ జాతిలో మగదే.

పరికరాల సంగతికొస్తే, 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే పక్షిని బెదరగొట్టకుండా దూరం నుంచే తీయవచ్చు. అంత ఖర్చు పెట్టలేనివారికి లెన్సు మార్చనక్కర్లేని సూపర్‌జూమ్ కెమెరా చాలు. మొదట కొనాల్సింది అసలు కెమెరాయేనా అన్నది కూడా ఆలోచించదగ్గదే. ఒక బైనాక్యులర్‌తో కొన్ని నెలలు పక్షుల నడవడి గమనించినవారికి పిట్ట ఎప్పుడు ఎగురుతుందో ముందే తెలుస్తుంది. ఆ తెలివి ఏ లెన్సుతోనూ రాదు. పక్షులు ఎక్కువగా గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి వీపున తగిలేలా నిలబడితే లేచిన పక్షి మనిషి వైపే వస్తుంది. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు దాకా కావాలి. కదలకుండా కూర్చున్నదానికి 500వ వంతు సరిపోతుంది.

వెలుతురుదే పెద్ద పేచీ. పొద్దున చెరువుకు తూర్పు కట్టన నిలబడితే ఎండ వీపు వైపు ఉండి పక్షి మీద పడుతుంది. ఎండ ముదిరిన కొద్దీ నీటిమీది గాలి వేడెక్కి అల్లాడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా బొమ్మ మసకబారుతుంది. నల్లటి నీళ్ళలో నిలబడిన తెల్లకొంగ మరో చిక్కు. చుట్టూ ఉన్న నలుపు చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, దాంతో ఈకలన్నీ సున్నం పూసినట్టు తెల్లగా మాడిపోతాయి. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించుకుంటే ఈక ఈకా విడిగా కనిపిస్తుంది. కట్టమీద నిలబడి కిందికి తీసే బదులు ఒడ్డున కూర్చుని పక్షి కంటి ఎత్తుకు కెమెరా దింపడం మరో మెళకువ.

ఈ ప్రాంతపు పక్షులను శాస్త్రీయంగా లెక్కలోకి తెచ్చినవారిలో సలీం అలీ ముఖ్యుడు. 1931-32లో ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. ఆ రోజుల్లో జాతిని గుర్తించాలంటే తుపాకీతో కొట్టి నమూనా సేకరించడమే పద్ధతి. ఇప్పుడు ఫొటోనే సాక్ష్యం. ఈబర్డ్ అనే అంతర్జాతీయ వేదికలో తేదీ, చోటు, సంఖ్యలతో పాటు ఫొటో చేరిస్తే అది పరిశోధకులకు పనికొస్తుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో ఎవరైనా పాల్గొనవచ్చు. 1980లో మొదలైన ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో హైదరాబాద్ చుట్టుపక్కల పక్షుల నడకలు జరుపుతోంది.

చేయకూడనివీ ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కదిలించడాన్ని కూడా వేటగానే లెక్కగట్టింది. గూటి దగ్గరికి పోతే తల్లి లేచిపోతుంది, గుడ్లు ఎండకు మాడతాయి, కాకులు కనిపెడతాయి. గూటి ఫొటోలను తీసుకోని పోటీలు చాలానే ఉన్నాయి. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను రప్పించడం, మంచి ఫొటో కోసం రాయి విసిరి గుంపును లేపడం కూడా తప్పే. దూరం నుంచి వచ్చి అలసిన వలస పక్షికి అనవసరంగా ఎగిరిన ప్రతిసారీ ఒంట్లో కొవ్వు కరుగుతుంది.

దగ్గరి చెరువులు చేతికొచ్చాక ప్రయాణాలు మొదలుపెట్టవచ్చు. వరంగల్ రోడ్డున ఘట్‌కేసర్ దాటితే పొలాలు, కరెంటు తీగలు, వాటి మీద పాలపిట్ట. కూర్చున్నప్పుడు ఎక్కువగా మట్టిరంగులో కనిపించే ఈ తెలంగాణ రాష్ట్ర పక్షి రెక్కలు విప్పినప్పుడే నీలమంతా చూపుతుంది కాబట్టి ఓపికగా కాచుకోవాలి. నగరానికి పడమటన 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు, సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యం ఒక్కరోజులో చూసి రాగలిగినవే. రెండు మూడు రోజులు తీరిక ఉంటే కొల్లేరులో ఆటపాక, గుంటూరు పక్కన ఉప్పలపాడు, సూళ్ళూరుపేట దిక్కున నేలపట్టు, పులికాట్ ఉన్నాయి. నేలపట్టులో గూడబాతులు నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూళ్ళు కడతాయి. పులికాట్‌లో రాజహంసలు దూరంగా, లోతులేని నీళ్ళలో మేస్తుంటాయి కాబట్టి పెద్ద లెన్సు లేనివారు ఒక్క పక్షి కోసం పాకులాడకుండా గుంపు మొత్తాన్ని సరస్సుతో కలిపి తీయడం మేలు. అభయారణ్యాల్లో కెమెరా రుసుము, అనుమతుల వివరాలు బయల్దేరే ముందే అటవీశాఖ కార్యాలయంలో కనుక్కోవాలి.