తలల లెక్క, దినముల లెక్క

పదిమంది పది దినములు పని చేసిన నూరు పనిదినములగును. ఒక్కడు నూరు దినములు పని చేసినను నూరు పనిదినములే యగును. సంఖ్య రెండు చోట్లను ఒకటే. కాని మొదటి చోట పది ఇండ్లలో పొయ్యి వెలిగినది, రెండవ చోట ఒక్క యింటనే వెలిగినది. లెక్క అడుగువాడు దేనిని అడుగుచున్నాడో తెలిసి అడుగవలెను.

హైదరాబాదు నుండి కర్నూలునకు పోవు పెద్ద రహదారిపై నున్న కొత్తకోట ప్రాంతమువారికి ఈ భేదము క్రొత్తది కాదు. 2016లో ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరకముందు ఈ ఊరు మహబూబునగరు జిల్లాలోనిది. వానలు తప్పిన యేట కుటుంబములకు కుటుంబములు పని వెదకికొనుచు దూరప్రాంతములకు వలస పోవుటచే 'పాలమూరు కూలీలు' అను మాట పుట్టినది. 2005లో పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టమును చేయగా, అది 2006 ఫిబ్రవరి 2వ తేదీన మొదటి విడతగా 200 జిల్లాలలో అమలునకు వచ్చెను. మహబూబునగరు వానిలో నొకటి. ఆ చట్టము కుటుంబమునకు ఏటికి 100 దినముల పనికి హామీ ఇచ్చినది. పని అడిగిన 15 దినములలో చూపకున్న నిరుద్యోగ భృతి చెల్లించవలెనన్నది. ఆ పథకపు నివేదికలలో పనిదినములు ఒక గడిలోను, పని పొందిన కుటుంబములు వేరొక గడిలోను చూపుట ఆచారమైనది.

ఇపుడొక ప్రశ్న వేసికొందము. 'గడచిన 15 దినములలో పని దొరికిన వేర్వేరు కుటుంబములు ఎన్ని?' ఈ ప్రశ్నను ప్రతి దినము అడుగవలెను. నేటి 15 దినములు నిన్నటివి కావు. క్రొత్త దినమొకటి ముందు చేరును, పాత దినమొకటి వెనుక జారిపోవును. మస్టరులు ఒక ప్రవాహమువలె వచ్చుచుండగా, ఇట్లు జరుగుచుండు గడువులో వేర్వేరు పేర్లను లెక్కించుట కంప్యూటరులకు చిరకాలముగా ఒక చిక్కు సమస్యయైనది.

పనిదినముల లెక్క సులభము. క్రొత్త దినపు సంఖ్యను కూడి, జారిపోయిన దినపు సంఖ్యను తీసివేసిన చాలును. కుటుంబముల లెక్కకు ఈ ఉపాయము చెల్లదు. ఉదాహరణకు 'క' అను కుటుంబము 1వ తేదీన, మరల 10వ తేదీన పనికి వచ్చినదనుకొనుడు. 'ఖ' 3వ తేదీన, 'గ' 12వ తేదీన వచ్చినవి. 15వ తేదీ సాయంత్రమునకు హాజరులు నాలుగు, కుటుంబములు మూడు. 16వ తేదీన 1వ తేదీ గడువు దాటి పోవును. హాజరులు మూడగును. మరి కుటుంబములు? మూడులో ఒకటి తీసివేసి రెండనువాడు పొరబడినట్లే. 'క' కుటుంబపు 10వ తేదీ హాజరు ఇంకను గడువులోనే యున్నది, కుటుంబములు మూడే. 18వ తేదీన 'ఖ' నిజముగా తొలగును, అప్పుడు రెండు.

దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది: ప్రతి కుటుంబమునకు ఎదుట, గడువులో దానికి ఎన్ని హాజరులున్నవో వ్రాసి ఉంచవలెను. హాజరు వచ్చినపుడు ఒకటి పెంచి, జారినపుడు ఒకటి తగ్గింపవలెను. సున్న నుండి ఒకటికి చేరినపుడే క్రొత్త కుటుంబము లెక్కలోనికి వచ్చును. ఒకటి నుండి సున్నకు దిగినపుడే తొలగును. ఇందు గడువులోని హాజరులన్నింటిని దాచియుంచవలెను గనుక చోటు ఎక్కువ పట్టును.

రెండవది: కుటుంబమునకు ఒక్క తేదీ మాత్రమే, అనగా కడపటి హాజరు తేదీ మాత్రమే వ్రాయవలెను. ఆ తేదీ గడువులో ఉన్నంతవరకు కుటుంబమును లెక్కలో నున్నదే. పై ఉదాహరణలో 'క' ఎదుట 10, 'ఖ' ఎదుట 3, 'గ' ఎదుట 12 ఉండును. తేదీల వరుసలో పేర్చుకొన్న, తొలగువారికై వరుస మొదటనే చూచిన చాలును. చోటు మిగులును; కాని ఒక లోపము కలదు. 10వ తేదీ మస్టరు తప్పని తేలి రద్దైన, అంతకు ముందటి తేదీ ఏదో ఈ పట్టీ చెప్పజాలదు. దిద్దుబాట్లు జరుగు లెక్కలకు మొదటి మార్గమే క్షేమము.

వారమున కొకసారి లెక్క కావలసినచోట గడువును చిన్న భాగములుగా చీల్చి, ఒక్కొక్క భాగమునకు పేర్ల పట్టీ వ్రాయుట ఇంకొక పద్ధతి. మొదటి వారమున 40 కుటుంబములు, రెండవ వారమున 35 పనికి వచ్చినవనుకొందము. రెండు వారములకు 75 అనుట తప్పు. 30 కుటుంబములు రెండు వారములును వచ్చియుండిన, మొత్తము 45 మాత్రమే. కావున సంఖ్యలను కూడరాదు, పట్టీలను కలుపవలెను.

ఇట్టి ప్రశ్నలను అడుగు భాషకు ఎస్.క్యూ.ఎల్. అని పేరు. దానిని 1974లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బోయిస్ అనువారు వెలువరించిరి. అది నిలిచియున్న దస్తరములను అడుగుటకు పుట్టిన భాష. ప్రవాహమున ప్రశ్నయే నిలిచియుండును, దస్తరము కదలిపోవుచుండును. జరుగుచుండు గడువుపై 'వేర్వేరు' అను విశేషణము తగిలించినంతనే కొన్ని యంత్రములు నిరాకరించును. మిక్కిలి వాడుకలోనున్న పోస్ట్‌గ్రెస్ సైతము 2024లో వెలువడిన తన 17వ రూపమున గడువు లెక్కలలో ఈ విశేషణమును అంగీకరింపలేదు. ప్రవాహములకై నిర్మింపబడిన అపాచీ ఫ్లింక్ అంగీకరించును.

కోట్ల సంఖ్యలో పేర్లున్నచోట పట్టీలే పెద్ద భారమగును. ఫ్రెంచి గణితవేత్త ఫిలిప్ ఫ్లాజొలే 1985లో మార్టిన్ అనువానితో కలిసి, పేర్లను దాచకయే సంఖ్యను అంచనా కట్టు మార్గము చూపెను. నాణెము నెగురవేయగా వరుసగా పది మారులు బొమ్మ పడినదని ఎవరైన అన్న, అతడు సుమారు వేయి మారులు యత్నించి యుండునని ఊహింతుము గదా. అట్లే ప్రతి పేరును సున్నలు, ఒకట్లుగా మార్చి, మొదట కనబడిన సున్నల వరుసలలో మిక్కిలి పొడవైన దానినే గుర్తుంచుకొందురు. ఒకే పేరు ఎన్ని మారులు వచ్చినను వరుస మారదు. 2007లో ఆయన, సహచరులు మెరుగుపరచిన హైపర్‌లాగ్‌లాగ్ అను పద్ధతి ఒకటిన్నర కిలోబైటుల చోటుతో వంద కోట్లకు మించిన సంఖ్యను సుమారు నూటికి రెండు తేడాతో చెప్పగలదు. దీనిలో చేర్చుటయే కాని తొలగించుట లేదు. కావున జరుగు గడువునకు వాడవలెనన్న, భాగమున కొక గుర్తు ఉంచి, కావలసినపుడు కలిపికొనవలెను.

ఈ అంచనా ఎక్కడ తగునో, ఎక్కడ తగదో విచక్షణ చేసికొనవలెను. ఈ వారము రేడియో విన్న ఇండ్లు ఎన్ని యనిన, నూటికి రెండు తేడా వచ్చినను నష్టము లేదు. కాని భృతికి అర్హమైన కుటుంబములు ఎన్నియో లెక్కించునపుడు, నూటికి ఆ ఇద్దరును పేరు, ఊరు, ఆకలి కలవారు. అచట పట్టీ పెద్దదైనను పూర్తిగా వ్రాయవలసినదే. మస్టరు ఆలస్యముగా వచ్చినను దానికై కొంత వేచియుండి, దాని స్థానమున దానిని చేర్చవలెను.

వార్తలలో ఇన్ని లక్షల పనిదినములు, ఇన్ని వేల మందికి మేలు అను సంఖ్యలు వినబడినపుడు పాఠకులు ఒక్క క్షణమాగి విచారింపవలెను. ఇవి దినములా, తలలా? ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు? ఒకే పేరు రెండు మారులు వచ్చినదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమున్న లెక్కను నమ్మవచ్చును.