పుంగనూరి కాషాయధారులు

అన్యమతస్థులెవరైన మన గుమ్మమునకు వచ్చి తమ దేవుని గూర్చి చెప్పబోయినచో మన యిండ్లలో కొందఱికి కోపము, కొందఱికి కుతూహలము కలుగుట వాడుక. ఆ చెప్పువారికి వారి మతమే ఏ హద్దులు గీచినదో, ఏ పద్ధతి ధర్మమనుచున్నదో విచారించువారు అరుదు. కాథలిక్కుల విషయమున ఈ విచారణకు మదనపల్లె, పుంగనూరు, కుప్పము పరిసరములు చక్కగా తగినవి. పుంగనూరనగానే నేడు పొట్టి యావులే జ్ఞప్తికి వచ్చుచున్నవి గాని, మూడు వందల యేండ్ల క్రిందట ఆ పాలెగాండ్ర పట్టణము పేరు పారిసు నగరమున అచ్చుపడిన లేఖలలో కనబడుచుండెడిది.

ఆ లేఖలు వ్రాసినవారు ఏసుసభకు చెందిన ఫ్రెంచి గురువులు. 18వ శతాబ్దపు తొలి సంవత్సరములలో వీరు పుదుచ్చేరి నుండి బయలుదేరి, కనుమలెక్కి పుంగనూరు చేరి, అటనుండి చిక్కబళ్లాపురము, కృష్ణాపురము వైపునకు వ్యాపించిరి. కర్ణాటక మిషనని దీనికి పేరు. తొలుత దీనికి పెద్దగా నుండిన బూషే అను గురువు అంతకు ముందు అరవదేశమున పనిచేసినవాడు. మధురలో 1606 మొదలు రాబర్టు డి నొబిలి త్రొక్కిన దారినే వీరును త్రొక్కిరి. కాషాయము ధరించుట, మాంసమద్యములు మానుట, పావుకోళ్లతో నడచుట, బ్రాహ్మణుని చేత వంట చేయించుకొనుట, ఇట్టివన్నియు అవలంబించి సన్న్యాసులవలె నివసించిరి. అరవము నేర్చి వచ్చినవారికి పుంగనూరు దాటిన పిదప అది చాలలేదు. మరల విద్యార్థులై తెలుగు వర్ణమాల దిద్దుకొనవలసివచ్చెను. గ్రామములలో ముందుగా తిరుగువాడు తెల్లదొర కాడు, ఉపదేశి యను ఈ దేశస్థుడే. అతడు మాట కదపగా వినగోరి వచ్చినవారికి గురువు కొంతకాలము జ్ఞానోపదేశము చేసి, అటుపిమ్మటనే జ్ఞానస్నానమిచ్చెడివాడు.

ఇది కేవలము వేషమని తీసివేయువారు కలరు. మాకట్లు తోచదు. ఒకనాటి వేషము వేఱు, కన్నదేశమును విడిచి కడపటి శ్వాస వఱకు అన్నమును గుడ్డను మార్చుకొని బ్రదుకుట వేఱు. ఇతరుల ఇంటికి పోవువారు ఆ యింటి మర్యాద నెఱిగి నడువవలెననుట మన గృహిణులకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. కాని యీ పద్ధతికి గొప్ప లోపమొకటి కలదు. ఊరి మర్యాదలో అంటరానితనము కూడ ఒక భాగమై యుండెను. సన్న్యాసి ఆ మర్యాదను కాపాడినంతకాలము, ఊరి వెలుపల నుంచబడినవారి గుడిసెలలో అడుగుపెట్టజాలడు. వారిలో జ్ఞానస్నానము పొందినవాడు మంచముపట్టినను గురువు అతని గడప దాటుటకు వెనుదీసెడివాడు. దేవుని యెదుట అందఱును సమానులని బోధించి, ద్వారబంధము కడ నిలిచిపోయిన బోధకుని గూర్చి ఆ రోగి యేమనుకొనెనో ఏ లేఖలోను లేదు.

ఈ తగవు రోమునకు పోయెను. పోపుగారి ప్రతినిధియగు తూర్నో అను పీఠాధికారి 1703 నవంబరులో పుదుచ్చేరిలో దిగి, అనారోగ్యముతో ఎక్కువకాలము మంచముననే యుండి, 1704 జూను 23వ తేదీతో నొక శాసనము వ్రాయించెను. పుంగనూరు మొదలగు లోపలి గ్రామములను చూడనేలేదు. ఇచ్చటి ఆచారములను గూర్చి అతడు ముఖ్యముగా విచారించినది మధుర మిషనునుండి వచ్చిన బెర్తోల్ది, మన బూషే అను ఇరువురు గురువులను. ఇరువురును బ్రహ్మచారులే. శాసనములోని అంశములను చూడబోయిన మాత్రము సగము పైగా స్త్రీల బ్రతుకునకు సంబంధించినవి!

తాళిబొట్టుపై వినాయకుని రూపముండరాదు, సిలువయో మరియమాత రూపమో యుండవచ్చును. నూట యెనిమిది పోగులు గల పసుపుత్రాడు కూడదు. పెండ్లిలో టెంకాయ కొట్టి శకునము చూడరాదు. ఆఱేడేండ్ల పసిబిడ్డలకు పెండ్లి చేయరాదు. ఆడపిల్ల పెద్దమనిషియైనప్పుడు పేరంటము చేసి ఊరెల్ల చాటరాదు. స్త్రీ బయట చేరిన దినములలో ఆమెను గుడికి గాని పాపసంకీర్తనమునకు గాని రానీయక ఆపరాదు. నిమ్నజాతుల రోగులను గురువులు వారి యిండ్లకే పోయి చూడవలెను. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానము ఆలస్యము చేయరాదు, పునీతుల పేర్లే పెట్టవలెను.

ఈ శాసనము మన ఆచారములపై గొడ్డలిపెట్టని చరిత్రకారులు కొందఱు వ్రాసిరి. పసుపుత్రాటి విషయమున మేమును అట్లే తలంతుము. పసుపు పూసిన పోగులలో ఏ దేవతయు కూర్చుండి లేదు. కాని బాల్యవివాహమును నిషేధించినది ఈ శాసనమే. నెలనెల వచ్చు శరీరధర్మమునుబట్టి స్త్రీని దేవుని సన్నిధికి దూరము చేయరాదనినదియు ఇదియే. మన దేశమున బాల్యవివాహ నిషేధమునకు శారదా చట్టము 1929లో గాని రాలేదు. ఇచ్చటి మర్యాదను ప్రేమించిన గురువులు ఈ రెండింటిని సహించియుండిరి, ఇచ్చటి మర్యాద నెఱుగని విదేశీయుడు కాదనెను. ఆదరమెంత గొప్పదైనను అది యెవరి ఆచారమున కాదరమో, ఆ యింటిలో ఎవరికది భారమో కూడ చూడవలసియున్నది గదా.

వాదప్రతివాదములు నలుబది యేండ్లు సాగినవి. 1744 సెప్టెంబరు 12న పదునాల్గవ బెనెడిక్టు పోపు తుది తీర్పునిచ్చి, శాసనమును చాలవఱకు స్థిరపఱచెను. నిమ్నజాతుల కొఱకు ప్రత్యేకముగా కొందఱు గురువులను నియమింతుమన్న ఏసుసభవారి విన్నపమును మాత్రము అంగీకరించెను. అనగా గోడ పడలేదు, దానికొక వాకిలి పెట్టబడెను. మన దేశమునకు వచ్చు గురువులు ఈ నిషేధములను పాటింతుమని చేయవలసిన ప్రమాణము 1940లో గాని తొలగింపబడలేదు. తాళిపై సిలువ గురుతు మాత్రము నేటికిని తెలుగు కాథలిక్కు స్త్రీల మెడలో కనబడుచున్నది.

ఈ మిషను గురువులలో మఱి యిరువురిని చెప్పక విడువరాదు. కాల్మెత్ అనునతడు వేదముల ప్రతులను సంపాదించి పారిసులోని రాజ గ్రంథాలయమునకు పంపినవాడు. బోధింపవచ్చినవాడు ముందు చదువవలెనని యెఱిగినవాడు. కేర్దూ అనునతడు 1732లో వచ్చి, తెలుగు సంస్కృతములకు ఫ్రెంచి నిఘంటువు కూర్చి, సంస్కృతమునకును లాటినుకును గల చుట్టఱికమును గూర్చి 1767లోనే పారిసు పండితులకు లేఖ వ్రాసెను. విలియం జోన్సు ఉపన్యాసము 1786 నాటిది గనుక ఇతడే ముందు.

కేర్దూ 1742లో వ్రాసిన మఱియొక లేఖ మన పాఠికలకు మిక్కిలి ఆసక్తికరము. అది అద్దకపు బట్టల లేఖ. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన బఱ్ఱెపాలలో తడిపి ఎండబెట్టుట, పాలలోని క్రొవ్వువలన రంగు చెదరకుండుట, చిరివేరుతో ఎఱుపు తెచ్చుట, నీలి అంటరాని చోట్ల మైనము పూయుట, ఇట్లు ఒక్కొక్క మెట్టును వివరించెను. తనవద్ద జ్ఞానస్నానము పొందిన పనివారిని వేఱువేఱుగా నడిగి, వారి మాటలను ఒండొంటితో పోల్చి నిజము తేల్చుకొంటినని అతడే చెప్పుకొనెను. ఆ లేఖ ఫ్రాన్సులో అచ్చుపడెను. శ్రీకాళహస్తి కలంకారీని చీరకొంగున మెచ్చుకొను మనము ఇచ్చట కొంచెమాగి ఆలోచింపవలెను. ఆ రహస్యము ఆ కుటుంబములకు అన్నము పెట్టినది. శిష్యుడు గురువునకు చెప్పిన మాట ఐరోపా అద్దకశాలలకు చేరునని వారికి తెలిసియుండునా? అతడు తన దేశమునకు మేలు చేయుచుంటిననియే యెంచియుండును. నమ్మి చెప్పినవారి మేలు ఆ లెక్కలో నున్నట్లు మాకు కనబడదు.

1773లో పోపు ఏసుసభనే రద్దుచేయగా ఈ మిషను ఇతరుల చేతికి పోయెను. అటుపై శతాబ్దకాలపు కథలో చెప్పదగినది స్వల్పము.

ఇరువదవ శతాబ్దమున బోధపద్ధతి మాఱెను. మఠమునకు బదులు పాఠశాల, ఆసుపత్రి. మదనపల్లెయనిన జ్ఞప్తికి వచ్చు ఆరోగ్యవరపు క్షయరోగ చికిత్సాలయము 1915 నాటిది, దానిని నెలకొల్పినవారు ప్రొటెస్టెంటు మిషనులవారు. కాథలిక్కులలో తెలుగుదేశమున ఇట్టి సేవకు పేరొందినది గుంటూరు. ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు మేరీ గ్లౌరీ 1920లో అచ్చటికి వచ్చి కన్యాస్త్రీయయ్యెను. కన్యాస్త్రీలు వైద్యవృత్తి చేయగూడదని ఆనాడు నియమముండుటచే ఆమెకు పోపుగారి ప్రత్యేకానుమతి కావలసివచ్చెను. పురుషవైద్యునికి చేయి చూపుటకైనను ఒప్పని స్త్రీలకు ఆమె రాక ఎట్టి ఊఱటయో వేఱే చెప్పనేల? 1943లో ఆమె స్థాపించిన కాథలిక్కు వైద్యసంఘము నేడును దేశమంతట పనిచేయుచున్నది.

మందు ఇచ్చి మతము పుచ్చుకొందురను నింద ఇట్టి ఆసుపత్రులకు తప్పలేదు. ఈ విషయమున కాథలిక్కు సభ తన వారికి విధించిన నియమము స్పష్టము. 1965 డిసెంబరు 7న రెండవ వాటికను మహాసభ ప్రకటించిన మతస్వాతంత్ర్య పత్రము, ఎవరిని బలవంతముచేత గాని, మఱియు ముఖ్యముగా బీదలను చదువురానివారిని అనుచితమైన ప్రలోభముచేత గాని మతమునకు త్రిప్పరాదనుచున్నది. అట్లు చేయుట తమ అధికారమును దుర్వినియోగపఱచుట, ఎదుటివారి హక్కును హరించుట యని దాని భావము. బోధకులకంటె సాక్షుల మాటనే లోకము వినుననియు, బోధకులు సాక్షులైనచోటనే వారిని వినుననియు 1975లో ఆఱవ పౌలు పోపు వ్రాసెను. నియమము కాగితముపై నున్నంతనే అంతటను నడుచుననుకొనుట అమాయకత్వము. కాని నియమమేమో తెలిసినచో, మన యింటికి వచ్చినవారు దానిని మీఱిరో లేదో మనమే తేల్చుకొనవచ్చును.

మన రాజ్యాంగము 25వ అధికరణమున మతమును ప్రచారము చేయు హక్కునిచ్చినది. ఇతరులను మతము మార్చు హక్కు అందులో లేదని 1977లో సుప్రీముకోర్టు చెప్పెను. మతము మారినందుకు బీదవారికి లాభము కలుగునను మాటకు మఱియొక ప్రక్కయు నున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువుచే క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులముల హక్కులు పోయినవి. పిదప 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హక్కులు లభించినవి గాని క్రైస్తవులకు కాదు. మన రాష్ట్రమున వారిని వెనుకబడిన తరగతులలో చేర్చి నూటికొక్కటి మాత్రము కేటాయించిరి. ఊరిలో అంటరానితనము తప్పలేదు, కచ్చేరీలో హక్కు తప్పెను. చీటిపై ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకొని బ్రదుకు కుటుంబముల దుఃఖము ఇచ్చటిది.

ఇక పెండ్లి సంగతి. కుప్పము వంటి చోట, తెలుగు, అరవము, కన్నడము ఒక్క సంతలోనే వినబడునట్టి రైలుదారి ఊరిలో, కులాంతర మతాంతర వివాహములు వినబడక మానవు. కాథలిక్కును పెండ్లాడుటకు మతము మారి తీరవలెనని మనవారిలో పలువురు నమ్ముచున్నారు. అది నిజము కాదు. మేత్రాణుల యనుమతి పొంది ఎవరి మతమున వారుండియే గుడిలో పెండ్లాడవచ్చును. బిడ్డలను కాథలిక్కులుగా పెంచుటకు చేతనైనంత యత్నింతునని కాథలిక్కు పక్షమువారే మాట ఈయవలెను; 1970 నుండి రెండవవారిచే ప్రమాణము చేయించుట లేదు, ఆ మాట వారికి తెలియజేసిన చాలును. ఆడపిల్లలు గల తల్లులు ఇది యెఱిగియుండుట మంచిది.

నిజముగా చేరగోరు పెద్దవారికైనను తొందరలేదు. 1972లో పునరుద్ధరింపబడిన పద్ధతి ప్రకారము నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించి, ఉపదేశము జరుగును. తోడుగా నొక జ్ఞానమాతయో జ్ఞానపితయో యుండును. తల్లిదండ్రులు పెట్టిన పేరు మార్చుకొని తీరవలెనను విధి నేడు లేదు, అది క్రైస్తవభావమునకు విరుద్ధము కాకున్న చాలును. ఈస్టరు పండుగకు ముందటి శనివారపు రాత్రి, కొవ్వొత్తుల వెలుగులో, గురువు ప్రశ్నలడుగును. ప్రక్కనున్న జ్ఞానమాత చేయి భుజముపై వేయవచ్చును గాని, బదులు మాత్రము ఆమెయే తన నోట చెప్పవలెను. అప్పటివఱకును ఏ మెట్టునుండియైనను వెనుకకు మరలి యింటికి పోవుటకు ఆమెకు స్వేచ్ఛ కలదు.