మ్యాన్‌హోల్‌ నుంచి బతికొచ్చినవాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

2015 నవంబర్‌లో కేరళలోని కోజికోడ్‌లో, ఆంధ్రా నుంచి వలస వెళ్లిన ఇద్దరు కార్మికులు డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక పడిపోయారు. దగ్గర్లో ఉన్న ఒక ఆటో డ్రైవర్ వాళ్లని కాపాడదామని లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆ తర్వాత కూడా ఇలాంటి వార్తలు ఎన్ని చదివామో మనకు తెలుసు. ప్రతి వార్తలోనూ ఒక అంకె ఉంటుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు. కొన్నిసార్లు చివర్లో ఒక వాక్యం ఉంటుంది: మరొకరి పరిస్థితి విషమంగా ఉంది. ఆ మరొకరు ఏమయ్యారో తర్వాత ఎవరూ రాయరు.

ఈ వ్యాసం ఆ మరొకరి గురించి. విషవాయువు పీల్చి బతికిన మనిషి మెదడుకు ఏమవుతుంది? మెదడు అత్యవసర వైద్యంలో జరిగిన పరిశోధనలు ఏం తేల్చాయి? పరిహారం కోసం కొట్లాడేవాళ్లకు ఇవన్నీ ఎందుకు తెలిసి ఉండాలి?

లోపల ఏముంటుంది?

మురుగు కుళ్లినప్పుడు ముఖ్యంగా రెండు వాయువులు పుడతాయి. ఒకటి మీథేన్. ఇది నేరుగా విషం కాదు, కానీ గాలిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. రెండోది హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే వాయువు. ఇది గాలి కంటే కొంచెం బరువు. అందుకే అడుగున పేరుకుంటుంది.

'వాసన రాలేదు, అందుకే దిగాం' అనే మాట మనం చాలాసార్లు వింటాం. అసలు మోసం అక్కడే ఉంది. గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 100 పాళ్లు ఈ వాయువు చేరితే ముక్కు మొద్దుబారిపోతుంది, ఇక వాసన తెలియదు. 700 నుంచి 1000 పాళ్లకు చేరితే ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కుప్పకూలతాడు. కేక వేసే టైం కూడా ఉండదు. మూత తీసి గంటసేపు వదిలేసినా, అడుగున బురద కదిలించగానే అందులో చిక్కుకున్న వాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. కాపాడటానికి దిగినవాళ్లు కూడా వరసగా పోవడానికి కారణం ఇదే. వాళ్లకు ధైర్యం ఎక్కువై, తెలివి తక్కువై కాదు.

హైడ్రోజన్ సల్ఫైడ్ రెండు రకాలుగా చంపుతుంది. మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని ఆపేస్తుంది. దాంతోపాటు కణాల్లోపల ఆక్సిజన్‌ను శక్తిగా మార్చే యంత్రాంగాన్ని స్తంభింపజేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు.

మెదడు ఎందుకు ముందు దెబ్బతింటుంది?

మెదడు మన శరీర బరువులో సుమారు 2 శాతం. కానీ శరీరం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. దాచుకునే అలవాటు దానికి లేదు. ఏ పూటకు ఆ పూట కూలి తెచ్చుకుని వండుకునే ఇల్లు లాంటిది. రక్తం పూర్తిగా ఆగితే పది సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే కణాలు చనిపోవడం మొదలవుతుంది. శక్తి లేక కణంలోని ఉప్పు, నీళ్ల లెక్క తప్పుతుంది, కణం ఉబ్బుతుంది, కాల్షియం లోపలికి చొరబడి కణాన్ని లోపలి నుంచే నాశనం చేస్తుంది. పుర్రె సాగదు కాబట్టి ఉబ్బిన మెదడు తనను తానే నొక్కుకుంటుంది.

పక్షవాతానికీ దీనికీ తేడా ఉంది. పక్షవాతంలో సాధారణంగా ఒక రక్తనాళం మూసుకుపోతుంది లేదా చిట్లుతుంది. మెదడులో ఆ భాగమే పోతుంది, ఒక వైపు చేయీ కాలూ పడిపోతాయి, మాట పోతుంది. చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఆక్సిజన్ అందనప్పుడు మాత్రం దెబ్బ మెదడంతటికీ తగులుతుంది. అందులో ముందు పోయేవి బాగా సున్నితమైన కణాలు. కొత్త జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోకాంపస్, కదలికలను సరిచేసే లోతట్టు భాగాలు, తూకం చూసే చిన్నమెదడు కణాలు ముందు వరసలో ఉంటాయి.

అందుకే బతికొచ్చిన మనిషి నడుస్తాడు, అన్నం తింటాడు, పేరు అడిగితే చెబుతాడు. కానీ పొద్దున ఎవరొచ్చారో సాయంత్రానికి గుర్తుండదు. చిన్న విషయానికి కోపం వస్తుంది. గ్లాసు అందుకోబోతే చేయి ఎగిరిపడుతుంది. ఈ చివరి లక్షణాన్ని లాన్స్, ఆడమ్స్ అనే వైద్యులు 1963లోనే వివరించారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొందరు కోలుకుని ఇంటికొచ్చాక, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ దిగజారతారు. నరాల తీగల పైపొర ఆలస్యంగా దెబ్బతినడం వల్ల ఇలా అవుతుంది. ఇంట్లోవాళ్లు దీన్ని మనసు చెదరడం అనో, తాగుడు అనో అనుకుంటారు. కాంట్రాక్టర్ కూడా అదే అంటాడు.

పరిశోధనలు ఏం చెప్పాయి?

గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవాళ్ల మెదడును ఎలా కాపాడాలి అన్నదాని మీద ఇరవై ఏళ్లకు పైగా పెద్ద ప్రయోగాలు జరిగాయి. 2002లో యూరప్, ఆస్ట్రేలియాల నుంచి వచ్చిన రెండు అధ్యయనాలు, శరీరాన్ని 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే మెదడు మెరుగ్గా కోలుకుంటుందని చెప్పాయి. 2013లో 939 మందితో చేసిన ప్రయోగంలో 33 డిగ్రీలకూ 36 డిగ్రీలకూ తేడా కనిపించలేదు. 2021లో దాదాపు 1,900 మందితో చేసిన మరో ప్రయోగం, చల్లబరచడం కంటే జ్వరం రాకుండా చూడటం ఏమీ తక్కువ కాదని తేల్చింది. జ్వరం రానివ్వకపోవడానికి ఖరీదైన యంత్రాలే ఉండాలని లేదు. జిల్లా ఆసుపత్రిలో కూడా శ్రద్ధ పెడితే అయ్యే పని.

ఈ ప్రయోగాల్లో ఎక్కువమంది గుండె జబ్బు వల్ల పడిపోయినవాళ్లు. ఊపిరాడక గుండె ఆగినవాళ్లకు దగ్గరగా ఉన్నది 2019లో ఫ్రాన్స్‌లో 581 మందితో జరిగిన అధ్యయనం. 33 డిగ్రీలకు చల్లబరిచినవాళ్లలో 90 రోజులకు మెదడు బాగా పనిచేస్తూ మిగిలినవాళ్లు 10.2 శాతం. మామూలు ఉష్ణోగ్రతలో ఉంచినవాళ్లలో 5.7 శాతం. తేడా ఉన్నమాట నిజమే. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. అన్ని సౌకర్యాలున్న ఐసీయూల్లో కూడా వందలో తొంభై మంది మునుపటిలా తిరిగి రాలేదు. గుండె ఆగిపోయాక వైద్యం చేయగలిగింది అంత కొంచెం. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించకపోవడమే అసలైన మెదడు వైద్యం అని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఇంకో ముఖ్యమైన పాఠం ఉంది. స్పృహ లేని మనిషి కోలుకుంటాడా లేదా అని తొందరపడి తేల్చకూడదు. 2021 యూరప్ మార్గదర్శకాల ప్రకారం కనీసం 72 గంటలు ఆగాలి. మత్తుమందుల ప్రభావం దిగిపోవాలి. ఒక్క పరీక్షతో కాదు, కంటిపాప స్పందన, ఈఈజీ, నరాల పరీక్ష, స్కాన్ వంటి వాటిలో కనీసం రెండు ఒకే మాట చెప్పాలి. ముందే 'లాభం లేదు, తీసుకెళ్లండి' అంటే వెంటిలేటర్ తీసేస్తారు, మనిషి పోతాడు, అప్పుడు ఆ మాటే నిజమైనట్టు కనిపిస్తుంది. డబ్బు లేని, ప్రశ్నించే అలవాటు లేని కుటుంబాలకు ఆ మాట తొందరగా వినిపిస్తుంది. 72 గంటలు ఆగమని అడగడం వాళ్ల హక్కు.

చట్టం, పరిహారం

2013 చట్టం సెక్షన్ 7 ప్రకారం మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరమైన శుభ్రపరిచే పనికి మనుషుల్ని పెట్టడం నిషిద్ధం. ఎస్సీ, ఎస్టీలతో పాకీ పని చేయిస్తే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జె) కింద నేరం. సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు పనిలో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్ 20న బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ తీర్పులో మనం అంతగా మాట్లాడని ఇంకో మాట ఉంది. వైకల్యం వస్తే కనీసం 10 లక్షలు, శాశ్వత వైకల్యంతో బతుకుదెరువు లేకుండా పోతే కనీసం 20 లక్షలు ఇవ్వాలి.

చావుకు పోస్ట్‌మార్టం రిపోర్టు ఉంటుంది. మరి జ్ఞాపకశక్తి పోయిందని ఎలా రుజువు చేస్తాం? 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మెదడు గాయం అనే పేరు విడిగా లేదు. దీర్ఘకాలిక నరాల జబ్బులు, మాటకు సంబంధించిన వైకల్యం, మానసిక అనారోగ్యం వంటి వాటి కింద చూపించుకోవాలి. కాబట్టి కాగితం మొదటి రోజు నుంచే సరిగ్గా ఉండాలి.

బాధితుడి దగ్గరికి వెళ్లే కార్యకర్తలు, విద్యార్థులు చేయాల్సినవి ఇవి. ఎన్ని గంటలకు దిగాడు, ఎన్ని గంటలకు బయటికి తీశారు, దింపింది ఎవరు అన్నది ఆ రోజే రాసుకోండి. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. డిశ్చార్జి కాగితంలో 'స్పృహ తప్పాడు' అని ఊరుకోనివ్వకండి. మురుగు గుంతలో విషవాయువు పీల్చడం వల్ల, ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్నదని కారణం రాయమనండి. నెలకు ఒకసారి, ఆరు నెలలకు మరోసారి నరాల వైద్యుడికి చూపించి జ్ఞాపకశక్తి పరీక్షలు రాతపూర్వకంగా తీసుకోండి. పక్కవాళ్లు కాపాడటానికి లోపలికి దిగకుండా ఆపండి. శ్వాస పరికరాలున్న ఫైర్ సిబ్బందిని పిలవాలి, 108కి ఫోన్ చేయాలి.

నమస్తే పథకం కింద నమోదైన సుమారు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలేనని 2024లో బయటికొచ్చిన ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. పార్లమెంటులో అడిగితే ఎంతమంది చనిపోయారో చెబుతారు. ఎంతమంది బతికి, భార్య పేరు మర్చిపోయి, పనికి వెళ్లలేక మంచాన ఉన్నారో కూడా అడుగుదాం. జిల్లాలవారీగా ఆ లెక్క రాయడం మన దగ్గరి నుంచే మొదలవ్వాలి. లెక్కలో లేని మనిషికి పరిహారం రాదు.